మూడు వందల శలభాలలో ఒక్కడు

నక్కలకనుమ దాటి, మొసళ్ల మడుగు ఈది, మూడు పగళ్లు ముళ్లడవిలో నడిచి మాంత్రికుడు ధూమ్రాంగుడి కోట ముందు నిలబడేసరికి జుంటిలో ఆడపిల్ల ఆనవాలు ఒక్కటీ మిగల్లేదు. మోకాళ్ల దాకా దిగే జుట్టు తలపాగాలో దాగింది. నుదుట విభూతి రేఖలు, చెవులకు రాగి కుండలాలు, చంకలో తాళపత్రాల కట్ట. ఎవరైనా పేరు అడిగితే చెప్పడానికి శంకుకర్ణ శాస్త్రి అన్న పేరు సిద్ధంగా ఉంది. ఆ పేరు ఇచ్చింది కుముదపుర ఆస్థాన పండితుడు వాచస్పతి భట్టు. ప్రాణభయంతో తాను రాలేక, తన పేరైనా ఇవ్వలేక, ఎప్పుడో కాలం చేసిన మేనమామ పేరు తీసి ఇచ్చాడు మహానుభావుడు!

నిజానికి జుంటికి అక్షరం ముక్క రాదు. ఆమె తేనెకొండ జాతి పిల్ల. ఆ జాతివాళ్లు పెద్దపెర గుట్ట కొసన మోకులు కట్టుకుని కిందికి వేలాడుతూ నిలువు రాతికి పట్టిన తేనెపట్లు కోస్తారు. పైన మోకు పట్టే హక్కు భార్య తమ్ముడిదే. అక్క పసుపుకుంకుమలు చెరిపే పని ఏ తమ్ముడూ చెయ్యడని ఆ కట్టుబాటు పెట్టుకున్నారు. జుంటి తండ్రి బయ్యన్నకు ఉన్న ఒక్క బావమరిదీ చనిపోయాడు. అందుకని పదహారో ఏట నుంచి కూతురే ఆయన మోకు పట్టింది. కింద నుంచి మోకు రెండుసార్లు గుంజితే పైకి లాగమని. ఒక్కసారి పొడుగ్గా గుంజితే, నా బరువు నిన్ను కూడా లాగేస్తుంది, వదిలెయ్యమని.

ఏడాది కిందట ఒక మధ్యాహ్నం ఆ పొడుగాటి గుంజు వచ్చింది. జుంటి వదల్లేదు. అరచేతుల తోలు ఊడినా వదల్లేదు. అంతలో మోకు ఒక్కసారిగా తేలికైపోయింది. పైకి లాగి చూస్తే కొస తెగ్గోసి ఉంది, మనిషి లేడు. కింద లోయలో వెతికితే శవమూ దొరకలేదు. తెగిన మోకు చూసి జాతి పెద్దలు ఒకటే మాట అన్నారు, పైనున్నదే కోసిందని. ఆ సాయంత్రమే ఆమెను గుట్ట దింపేశారు.

న్యాయం అడగడానికి ఆమె కుముదపుర రాజసభకు వెళ్లింది. సరిగ్గా అప్పుడే అక్కడ యువరాజు శరభాంకుడి కోసం కన్నీరు మున్నీరుగా ఏడుస్తున్నారు. మూడు నెలల కిందట వేటకు వెళ్లిన యువరాజును ధూమ్రాంగుడు ఎత్తుకుపోయి వీపున పుర్రె గుర్తున్న శలభంగా మార్చాడని వేగులవాడు కబురు తెచ్చాడు. పైగా ఆ మాంత్రికుడే ఊరూరా దండోరా వేయిస్తున్నాడట, శలభాల జాతులు తెలిసిన పండితుడు కావాలని. వాచస్పతి భట్టు తన తాతగారు రాసిన శలభచంద్రిక అనే గ్రంథం తెరిచి, అందులోని రంగు బొమ్మలు రాజుకు చూపిస్తున్నాడు. మూల నిలబడ్డ జుంటి ఉండబట్టలేక, "ఆ బొమ్మ తప్పండీ, ఆ పురుక్కి ఆ పొట్ట ఉండదు" అనేసింది.

"మా తాతగారి గ్రంథంలో తప్పులు పట్టడానికి నీ చదువెంత?" అని భట్టు ఇంతెత్తున లేచాడు. రాజు మాత్రం ఆమె వైపే చూశాడు. "నా కొడుకుని తీసుకురా తల్లీ. మీ జాతి పెద్దలను ఇక్కడికి పిలిపించి, మీ నాన్న చావు సంగతి నిగ్గు తేల్చి, నీ మీద మచ్చ నేను తుడిపిస్తాను" అన్నాడు. జుంటి బయల్దేరింది ఆ ఒక్క మాట కోసం.

కోట గుమ్మం పక్కన గోడకు పన్నెండు మేకులు కొట్టి ఉన్నాయి. పదకొండింటికి పదకొండు తలపాగాలు వేలాడుతున్నాయి. వాటి కింద ఉండాల్సిన తలలు ఎక్కడున్నాయో జుంటి అడగలేదు. పన్నెండో మేకు ఖాళీగా ఉంది.

ధూమ్రాంగుడు గుమ్మంలోనే ఎదురయ్యాడు. తాటిచెట్టంత మనిషి, మోకాళ్ల దాకా వేలాడే చేతులు, పొగ పట్టిన కుండలాంటి ఒంటి రంగు. ఆమెను కింది నుంచి మీది దాకా చూశాడు.

"దండోరా విని వచ్చిన పండితుడివి నువ్వేనా? ఇంకా గడ్డమే మొలవలేదే!"

"శంకుకర్ణ శాస్త్రికి శాస్త్రం మొలిచింది ప్రభూ. గడ్డానికి తొందరేముంది?" అంది జుంటి, గొంతు బొంగురు చేసి.

మాంత్రికుడు నవ్వలేదు. గిరుక్కున తిరిగి లోపలికి నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది.

అదీ శలభమందిరం! నూరు గంధపు స్తంభాల మీద నిలిచిన ఆ విశాల మందిరానికి కప్పులో గుండ్రని గవాక్షం. గవాక్షం కింద, పురుగులు ఎగిరిపోకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు పందిరిలా కట్టిన సన్నని తెల్లబట్ట. ఆ బట్టలో వడగట్టిన పగటి వెలుగు పాలలా కిందికి జారుతోంది. ఆ వెలుగులో స్తంభాల నిండా, గోడల నిండా, రెక్కలు ముడిచి నిద్రపోతున్న, డేగలా రివ్వున ఎగిరే పెద్ద జాతి డేగశలభాలు! పచ్చని పట్టుచీర మీద గులాబి అంచు నేసినట్టున్నవి కొన్ని. బూడిద రంగు ఒంటి మీద రోజాపువ్వు రంగు కట్లు ఉన్నవి కొన్ని. ఇక మిగిలినవి, చూడగానే ఒళ్లు జలదరించేవి, వీపు మీద మనిషి పుర్రె గుర్తు మోస్తున్నవి. మందిరానికి పడమటి కొసన కిటికీ ఎదురుగా రాతి హోమగుండం, దాని చుట్టూ పదేసి అడుగుల మేర పరిచిన పులితోళ్లు.

"వీటిలో ఒకటి పురుగు కాదు, రాచబిడ్డ. దాన్ని పట్టి నా అరచేతిలో పెట్టు" అన్నాడు ధూమ్రాంగుడు. "పొద్దు ఆ కొండ అంచు తాకగానే గుండంలో మంట లేస్తుంది, పొద్దు కుంకగానే ఆరిపోతుంది. ఆ వెలుగులో మామూలు పురుగుకి పురుగు నీడే పడుతుంది. నేను మార్చినదానికి మనిషి నీడ పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఒక్క పురుగునే చూడగలను. మనిషి నీడ పడిందా, ఆహుతి ఇస్తాను, నాకు చావుండదు. పురుగు నీడ పడిందా, నీ తలపాగాకి మేకు సిద్ధంగా ఉంది."

"మార్చిన తమరికే గుర్తు తెలియదా ప్రభూ?"

మాంత్రికుడి ముఖం జేవురించింది. గుమ్మం దగ్గర బల్లెం పట్టుకుని నిలబడ్డ బొద్దు మనిషి వైపు ఒక్క చూపు చూశాడు. ఆ మనిషి బల్లెంతో సహా వణికాడు.

"వీడు గుండడు, నా సేవకుడు. వీణ్ణే అడుగు. పన్నెండు రోజులుగా వీణ్ణి చంపకుండా ఉంచింది ఈ పురుగులకు తేనె పెట్టేవాడు ఇంకొకడు లేక! ఈ జాతి బతికేదే పక్షం రోజులు. రేపటికి సగం రాలిపోతాయి. ఈ సాయంత్రమే ఆఖరు" అని చెప్పి ధూమ్రాంగుడు స్నానానికి వెళ్లిపోయాడు.

అతని అడుగుల చప్పుడు ఆగేదాకా ఊపిరి బిగబట్టిన గుండడు అప్పుడు నోరు విప్పాడు.

"నా తప్పేం లేదు సామీ! పురుగులు గూళ్లు కట్టుకుని మట్టికుండల్లో నిద్దరోతా ఉండాయి. అయ్యవోరు గూడు పురుగుగా మార్చిన రాచబిడ్డదీ ఒక కుండ, దానికి ఎర్రదారం కట్టి ఇడిగా పెట్టమన్నారు. ఇడిగా పెడితే ఎలకలొత్తాయని నేనే అన్నీ ఒక గదిలో పెట్టినా. తొలకరి చినుకు పడిందో లేదో అన్నీ ఒకే పాలి పగల్దీసుకుని బయటికొచ్చేసినాయి. పొద్దున్నే తలుపు తీసి చూద్దును గదా, ఏది ఏదో ఆ బ్రెమ్మదేవుడికే తెలవాలి!"

"సరే, తలుపు దగ్గరే ఉండు. నన్ను కదిలించకు" అని జుంటి పంచె ఎగ్గట్టింది.

పొద్దు ఇంకా రెండు బారలు పైనే ఉంది. పుల్ల ఒకటి తీసుకుని, నిద్రపోతున్న శలభాల కాళ్ల కింద పెట్టి, ఒక్కొక్కదాన్ని మెల్లగా ఎత్తుతూ ఏరడం మొదలుపెట్టింది. పచ్చవి గన్నేరు ఆకు తిని పెరిగేవి. వాటిని తూర్పు గోడకు చేర్చింది. బూడిద రంగువి నాలుక చుట్ట విప్పితే ఒంటి కంటే పొడుగు, లోతైన పూల అడుగు దాకా అందుతుంది. వాటిని ఉత్తరపు గోడకు చేర్చింది. పుర్రె గుర్తువి నూట ఇరవై మిగిలాయి. వీటి నాలుక పొట్టి, మొద్దు. పూలతో వీటికి పని లేదు. తేనెపట్టులో దూరి, కీచుమని అరిచి, ఈగల్ని ఏమార్చి తేనె తాగిపోతాయి. అందుకే తేనెకొండలో వీటిని తేనెదొంగలు అంటారు. యువరాజు ఈ దొంగల మధ్యనే ఉన్నాడని వేగులవాడు చెప్పింది ఆమెకు గుర్తుంది.

దొంగల్లోనూ మూడు ఇళ్లవాళ్లున్నారు. పెద్దవాటికి వెనక రెక్క మొదలంతా నలుపు. వాటిని తేలిగ్గానే వేరు చేసింది. మిగతా రెండిళ్లవీ కవల పిల్లల్లా ఉంటాయి. ముందు రెక్క మీద ఆవగింజంత చుక్క ఒకటి ఉంటుంది. ఒక ఇంటివాటికి అది తెలుపు, ఇంకో ఇంటివాటికి కాషాయం. చుక్కల్ని బట్టి రెండు గుంపులు చేసింది. ప్రతి దాని రెక్కా చూసింది, పుర్రె గుర్తు చూసింది, తల మీద నూగు చూసింది. ఎక్కడా తేడా లేదు. అన్నీ శుద్ధమైన పురుగులే. అన్నీ తమ ఇంటి పోలికలోనే ఉన్నాయి.

పొద్దు ఒక బార దిగింది. జుంటి వీపు మీద చెమట కాలువ కట్టింది. ఇందులో యువరాజు లేడేమో! ఏ బల్లి నోట్లోనో ఎప్పుడో పడిపోయాడేమో! పదకొండు మంది పండితులు ఇక్కడే, ఇలాగే చూసి ఉంటారు. వాళ్లు తప్పు చూశారా? చూడలేదు. మరి ఎందుకు చచ్చారు?

అప్పుడు ఆమె కంటికి గోడ గూట్లో పీట మీద తెరిచి ఉన్న గ్రంథం కనిపించింది. దగ్గరికి వెళ్లి చూసింది. అదే శలభచంద్రిక! భట్టు తాతగారి గ్రంథానికి నకలు. ధూమ్రాంగుడూ దాన్నే చదువుకున్నాడన్నమాట. బొమ్మల ఆకు దగ్గర వేలిముద్రలు మసిగా పడి ఉన్నాయి. యువరాజును మార్చేముందు ఏ రూపం ఇవ్వాలో ఈ బొమ్మల్లోనే చూసుకున్నాడు. సభలో తాను తప్పని చెప్పిన బొమ్మ ఆమె కళ్ల ముందే ఉంది. చిత్రకారుడు పురుగుల్ని పైనుంచి గీసి, తిప్పి కింది వైపు గీసేటప్పుడు రెండింటి పొట్టలూ తారుమారు చేశాడు. కాషాయపు చుక్క పురుగుకి పొట్ట కింద ఉత్త పసుపే ఉంటుంది, నల్లపట్టీలు ఉండవు. పట్టీలు ఉండేది తెల్లచుక్క దానికి. బొమ్మలో మాత్రం కాషాయపు చుక్క దానికి పట్టీలున్నాయి.

బల్ల మీద గుచ్చిన పురుగుల్ని చూసే పండితులకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వాళ్లు జన్మలో పొట్ట చూడరు. జుంటికి నాలుగేళ్లప్పుడే బయ్యన్న ఆమెను వీపున కట్టుకుని గుట్ట దిగేవాడు. పైన ఆకాశం, నెత్తిన తేనెపట్టు, పట్టు మీద పాకే దొంగల పొట్టలు. ఆమె ఈ పురుగుల్ని నేర్చుకున్నదే కింది నుంచి.

కాషాయపు చుక్క గుంపునంతటినీ పుల్లతో పైనున్న తెల్లబట్టకు ఎక్కించి, జుంటి నేల మీద వెల్లకిలా పడుకుంది.

"సామీ! ఏందది? కళ్లు తిరిగినాయా?" గుండడు కంగారుపడ్డాడు.

"శాస్త్రం" అంది జుంటి.

గవాక్షపు వెలుగు బట్టలోంచి పురుగుల చుట్టూ దిగుతోంది. పసుపు పొట్ట. పసుపు పొట్ట. పసుపు. పసుపు. మూడో వరసలో నల్లపట్టీలు! సృష్టిలో ఎక్కడా లేని పురుగు. దాన్ని దింపబోతూ, ఎందుకైనా మంచిదని చివరి వరస కూడా చూసింది.

అక్కడ ఇంకొకటి ఉంది.

జుంటి లేచి కూర్చుంది. రెండు మంత్రపు పురుగులు! వేగులవాడు ఒక్కడి సంగతే చెప్పాడు. మాంత్రికుడూ ఒక్కటే అన్నాడు.

"గుండా, మీ అయ్యవారు యువరాజుని తప్ప ఇంకెవర్నీ పురుగుని చెయ్యలేదా?" అంది, మాట వరసకి అడిగినట్టు.

గుండడు అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు. "ఆయనకి చెప్పమాకండి సామీ, నన్ను నిలువునా చీల్చేత్తాడు. పోయినేడు మంతరం పారతాదో లేదో సూద్దారని, పెద్దపెర గుట్ట మీద ఏలాడతా తేనె కోసేవోడొకణ్ణి గాల్లోనే పట్టుకొచ్చినాడు. వోడు గట్టోడు సామీ! పైన మోకు పట్టుకున్న పిల్ల కూడా అయ్యవోరి యీడ్పుకి పడిపోతాదని, సొంత కత్తితో సొంత మోకు కోసేసుకున్నాడంట. ఆ కుండలోది ఎండి సచ్చిపోయిందని నేనే అయ్యవోరికి సెప్పినా. అది ఏ కుండో గుర్తు మర్చిపోయినా గదా, తన్నులు తప్పించుకుందారని! బతికే ఉందేమో, నాకు తెల్దు."

జుంటి మొహం పక్కకి తిప్పుకుంది. లేకపోతే గుండడు ఆమె కళ్లు చూసేవాడు. ఏడాది పాటు ఊరూరా మోసిన నింద ఒక్క మాటతో రాలిపోయింది. అయ్య చచ్చిపోలేదు! మోకు కోసుకున్నది ఆమె కోసం! ఏడుపు, నవ్వు ఒకేసారి తన్నుకొస్తే, పళ్ల బిగువున ఆపుకుంది.

"పొద్దు ఎంతుందో కిటికీలోంచి చూసి చెప్పు" అని గుండణ్ణి దూరం పంపి, రెండు శలభాలనూ చేతుల్లోకి తీసుకుంది. మొదటిదాని వీపు నిమిరింది. అది రెక్కలు టపటపలాడించి కీచుమంటూ ఆపకుండా అరిచింది. పాపం, రాజుగారి బిడ్డ! రెండోదాని వీపు నిమిరింది. అది కదల్లేదు. కాసేపాగి కీచుమంది. మళ్లీ కీచుమంది. రెండంటే రెండే. పైకి లాగు.

"అయ్యా" అంది జుంటి, పెదవులు కదపకుండా. "నేనేనయ్యా, జుంటిని. ఇయ్యాల మోకు నా చేతుల్లోనే ఉంది."

"ఇంకో మూర కూడా లేదు సామీ, కొండ తాకబోతాంది!" గుండడు కేకేశాడు.

"ఆ పులితోళ్లెందుకు గుండా, అంత దూరం పరిచారు?"

"మంట ముందుకి ఎత్తిన మంతరపు పురుగు ఆ ఎలుగులోనే నేల తాకితే మడిసైపోతాది సామీ. అందుకే తోళ్లు. అయ్యవోరు తోలు దాటి అడుగెయ్యరు."

అంటే విడుదల ఉన్నది ఆ మంట వెలుగులోనే. ఆ మంట దగ్గరికి ఒక్క శలభమే వెళ్లగలదు. మామూలు పురుగును ఇస్తే పురుగు నీడ పడుతుంది, తల పోతుంది, రాకుమారుడూ దొరికిపోతాడు. యువరాజును ఇస్తే ఒక రాజ్యం ఆశ మంటలో పడ్డట్టే. ఇక మిగిలింది అయ్య. ఆమె ఏం ఆలోచిస్తోందో బయ్యన్నకు తెలిసినట్టే ఉంది. అరచేతిలోని శలభం ఈసారి ఒకే ఒక్క కూత కూసింది, సన్నగా, పొడుగ్గా. వదిలెయ్.

"ఆ గుంజు నాకు తెలీదు" అంది జుంటి. "నువ్వు నేర్పినా నేను నేర్చుకోలేదు. మంట ఎలుగు నీ మీద పడగానే రెండు గుంజు. నేను లాగుతా."

తలపాగా వెనక నుంచి నాలుగు వెంట్రుకలు పుటుక్కున పీకి, మోకుకు మోకు కలిపే ముడితో ఒకదానికొకటి ముడేసింది. ఒక కొస శలభం నడుముకి, రెక్కలకు తగలకుండా చుట్టింది. రెండో కొస తన చూపుడు వేలికి మూడు చుట్లు తిప్పింది. యువరాజును తలపాగా మడతలోకి తోసింది. అప్పుడే గుమ్మంలో పొగ వాసన వేసింది.

"దొరికాడా?" అన్నాడు ధూమ్రాంగుడు. తడిజుట్టు విరబోసుకుని ఉన్నాడు, చేతిలో వంకర కత్తి.

"దొరికాడు ప్రభూ. కాషాయపు చుక్క, కింద నల్లపట్టీలు. తమరి గ్రంథంలో ఉన్నట్టే."

మాంత్రికుడి కళ్లు మెరిశాయి. అరచెయ్యి చాచాడు. జుంటి తండ్రిని ఆ చేతిలో పెట్టింది. సరిగ్గా అప్పుడే ఆమె తలపాగా కీచుమంది!

"ఏమిటది?"

జుంటి గట్టిగా రెండుసార్లు తుమ్మింది. "ఈ పురుగుల నూగు ముక్కుకి పడదు ప్రభూ" అని ఇంకోసారి తుమ్మి, ముక్కు చీది, గొంతులో కూడా ఒక కీచు తెప్పించింది. ధూమ్రాంగుడు ఆమెను ఒక క్షణం అనుమానంగా చూశాడు. పడమటి కిటికీలో పొద్దు కొండ అంచును తాకింది. గుండంలో మంట భుగ్గున లేచింది. ఆహుతి ముహూర్తం ముందు అనుమానానికి తీరిక ఎక్కడిది! గబగబా పులితోళ్ల మీద నడిచి వెళ్లాడు.

జుంటి వెనకే వెళ్లి ఆఖరి తోలు అంచున, ఉత్త రాతి నేల మీద నిలబడింది. వేలి నుంచి వెంట్రుక కొంచెం కొంచెంగా జారుతోంది. ఒక చుట్టు. రెండో చుట్టు. ఎర్రని వెలుగులో వెంట్రుక ఒక్కసారి తళుక్కుమంటే చాలు, గుండడి కంట్లో పడ్డా చాలు, అంతా అయిపోయినట్టే. మూడో చుట్టు కూడా విడిపోయి కొస బిగుసుకుంది. ధూమ్రాంగుడు గుండం దగ్గర ఆగాడు. అరచెయ్యి మంట ముందుకు ఎత్తాడు.

వెనక గోడ మీద నీడ పడింది. మనిషి నీడ! గుండడు అమ్మ బాబోయ్ అని బల్లెం కింద పడేసుకున్నాడు. మాంత్రికుడు విరగబడి నవ్వుతూ వెనక్కి తిరిగి ఆ నీడను చూశాడు. చూసి, నవ్వు ఆపాడు. ఆ నీడకు కిరీటం లేదు. భుజాన తేనెబుట్ట ఉంది, నడుముకి కొడవలి ఉంది, రొమ్ము చుట్టూ తెగిన మోకు ఉంది.

"ఇది రాచబిడ్డ కాదు! ఇది వాడు! శాస్త్రీ, ఎవడివి నువ్వు?" అని అరుస్తూ శలభం మీద గుప్పిట మూయబోయాడు. రెండో చేతిలో కత్తి లేచింది.

వేలికి గుంజు తగిలింది. పొడుగాటిది. వదిలెయ్.

జుంటి వదల్లేదు. పొద్దు సగం కుంకింది. గుప్పిట ముడుచుకుంటోంది. "అయ్యా!" అని కోట దద్దరిల్లేలా కేక పెట్టింది. తెచ్చిపెట్టుకున్న బొంగురు పోయింది, శాస్త్రి పోయాడు, మిగిలింది పెద్దపెర గుట్ట మీది ఆడపిల్ల గొంతే. ఆ కేకకు మందిరంలోని మూడు వందల శలభాలూ ఒక్కసారిగా రెక్కలు విప్పి లేచాయి.

అప్పుడు వచ్చాయి వేలికి, టక్కు టక్కుమని, రెండు గుంజులు.

లాగింది. ఒళ్లంతా వెనక్కి వాల్చి, గుట్ట కొసన కాళ్లు తన్నిపెట్టి లాగినట్టే లాగింది. మూసుకుంటున్న వేళ్ల సందులోంచి శలభం జారి, పులితోళ్ల మీదుగా గింగిరాలు కొడుతూ వచ్చి, ఆమె పాదాల ముందు రాతి నేలకు తగిలింది. ధూమ్రాంగుడు కత్తి ఎత్తి తోళ్లు దాటి దూకుతున్నాడు. జుంటి అటు చూడలేదు. ఆమె పాదాల దగ్గర, శలభం పడ్డ చోట, కొడవలి పట్టిన మనిషి చెయ్యి లేస్తోంది.

ఏడాది కిందట ఖాళీగా పైకొచ్చిన మోకు ఇప్పుడు ఆమె చేతిలో బరువెక్కుతోంది.